ఉప్పు కాఫీ

అన్న పోయిన రోజు పొద్దున మికెర్లీన్ తన అమ్మకిచ్చే కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేసింది. పొరపాటున కాదు.

ఆసుపత్రి నుంచి ఫోను ఆరున్నరకు వచ్చింది. స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. అన్న ఫ్రిట్స్‌నెల్ నాలుగింటికి పోయాడని, చూడటానికి ఎవరూ రావద్దని చెప్పారు. ఆమె సరేనంది. తర్వాత ఉప్పు డబ్బా తీసింది. తమవాళ్ళలో చావు కబురు ఉన్నట్టుండి చెప్పకూడదు. ముందు ఉప్పు కాఫీ తాగించాలి, గుండె అదిరి రక్తం గడ్డకట్టకుండా. పదేళ్ళ కిందట సొంతూరు జాక్‌మెల్‌లో భూకంపానికి నాన్న పోయినప్పుడు ఆ కాఫీ అందేలోపే ఎవరో వీధిలోంచి కబురు అరిచేశారు. అమ్మ ఎర్సిలియా మూడు నెలలు నోరు విప్పలేదు.

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, రోజూలాగే పోయినవాళ్ళ పేర పుదీనా మొక్క డబ్బాలోకి మూడు చుక్కలు వంచింది. తన తల్లికి ఒకటి, చెల్లెలికి ఒకటి, మొగుడికి ఒకటి. తర్వాత కప్పు ఖాళీ చేసింది. మొహం చిట్లించలేదు.

"ఇవాళ డ్యూటీ లేదుటే?" అంది.

మికెర్లీన్ ఖాళీ కప్పు అందుకుంది. తను పనిచేసే వృద్ధాశ్రమంలో నెలరోజులుగా చూస్తూనే ఉంది. ముందు రుచి పోతుంది, తర్వాత ఆకలి, ఆ తర్వాత ఊపిరి. అమ్మకూ అంటుకుందన్నమాట.

"ఉందమ్మా," అని బయటపడింది.

కింద వీధిలో అన్న టాక్సీ పెట్టినచోటే ఉంది. రోడ్లు ఊడ్చేవాళ్ళు కూడా రావడం లేదు కనక తీయమని అడిగేవాళ్ళు లేరు. దాన్ని దాటి వెళ్ళినప్పుడల్లా వెనక నుంచి హారన్ మోగుతుందేమోనని ఆమె మెడ బిగుసుకుపోయేది. "బస్సెక్కకే, నేను దింపుతా," అని రెండు వారాలు అందులోనే తిప్పాడు. చివరి రెండు రోజులు ఆమె వెనక సీట్లో దగ్గుతూనే ఉంది. తనకు వారంలో తగ్గింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చర్చి మూసేశాక ఫ్లాట్‌బుష్‌లోని తమ దేశంవాళ్ళంతా ఫోన్లోనే ప్రార్థనకు చేరుతున్నారు. పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. జాబితా రోజురోజుకీ పొడుగవుతోంది. అమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని వింటుంది. అన్న పేరు చదవొద్దని మికెర్లీన్ చదివేవాళ్ళను బతిమాలుకుంది. ఆ రోజు నుంచి అమ్మ కొడుకు సంగతి ఒక్కసారీ అడగలేదు. అదీ జబ్బు మత్తేననుకుని, మికెర్లీన్ పూటపూటకీ జ్వరం చూస్తోంది.

తొమ్మిదో రోజు పొద్దున వదిన గెర్దా వచ్చింది. మాస్కు కట్టుకుని మెట్ల మీదే ఆగింది. చేతిలో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా.

"ఇవాళ సాయంత్రంతో తొమ్మిదిరోజుల ప్రార్థన ఆఖరు. ఆయన పేరు చదవొద్దన్నావట?"

"మెల్లగా వదినా, అమ్మ వింటుంది."

"విననీ! నా మొగుడి కోసం ఏడవడానికి నీ పర్మిషన్ కావాలా? ఒళ్ళు కడగనివ్వలేదు, ఈ చొక్కా తొడగనివ్వలేదు. శవాల ఐసు లారీలో పెట్టారు. పేరైనా పిలవనివ్వవా?"

"అమ్మకి రుచి తెలియట్లేదు వదినా. ఉప్పు కాఫీ ఇస్తే గటగటా తాగేసింది. ఇప్పుడీ మాట చెబితే..."

"ఎవరికే రుచి తెలియనిది?"

ఎర్సిలియా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"సముద్రం తాగినట్టుంది నీ కాఫీ. చిటికెడు వేస్తారు గానీ చెంచాడు పోస్తారుటే?"

"అమ్మా, నీకు తెలుసా?"

"మొదటి గుక్కకే తెలిసింది. ఈ చేతుల్తో ఎంతమందికి కలిపిచ్చాను! నువ్వు చెబుతావని చూశాను. నీ మొహం చూస్తే, దీని గుండె అదరకుండా ఎవరిస్తారు కాఫీ అనిపించింది. అందుకే తాగేసి ఊరుకున్నా."

మికెర్లీన్ గోడకు చేరగిలబడింది. "అన్నకు నా వల్లే అంటిందమ్మా. కారులో నేనే దగ్గుతూ కూర్చున్నా."

గెర్దా మెట్టు మీద కూర్చుంది.

"ఆయనకు తెలుసు," అంది. "అద్దాలైనా దించుకొమ్మని పోట్లాడాను. 'చలికి పిల్ల వణుకుతుంది, పోవే' అన్నాడు."

మికెర్లీన్ మొహం కప్పుకుని ఏడ్చింది. ఎర్సిలియా కదిపి ఓదార్చలేదు. వంటగదిలోకి వెళ్ళి మూడు కప్పుల ఉప్పు కాఫీ కలిపింది. ఒకటి మెట్ల మీద గెర్దాకు అందేలా పెట్టింది. పుదీనా డబ్బాలో మూడు చుక్కలు వంచి, కప్పు కూతురికిచ్చింది.

"నాలుగోది నువ్వు వెయ్యి."

ఆ సాయంత్రం జాబితా మొదలవకముందే కొడుకు పేరు తల్లే పలికింది. ఫోన్లో రెండు వందల గొంతులు దాన్ని తిరిగి పలికాయి.

తెల్లచొక్కా తలుపు వెనక వేలాడుతోంది. విమానాలు ఇంకా తిరగడం లేదు. ఫ్రిట్స్‌నెల్‌ను జాక్‌మెల్‌లో నాన్న పక్కన పడుకోబెట్టడం మిగిలి ఉంది.