మూడు బండ్లూ ఒకే ఎత్తు

ఓడ నాలుగింటికి బయల్దేరుతుంది. ఇప్పుడు ఒంటిగంటన్నర.

టైర్ల గోడౌన్ వెనకగదిలో పెద్దాయన బ్రీఫింగ్ ఇస్తున్నాడు. డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆయన. అందరూ కోపమొస్తే గొంతు పెంచుతారు, ఈయన తగ్గిస్తాడు. ఇవాళ వినబడాలంటే కుర్చీ ముందుకు లాక్కోవాల్సి వచ్చింది పానాకి.

పానా అన్నది కోడ్ నేమ్. ఏజెంట్ కాకముందు పన్నెండేళ్లు మెకానిక్‌గా పనిచేశాడు. మిగతా ఏజెంట్లు సూట్లు తొడుక్కుని ఎంబసీ పార్టీలకి వెళుతుంటే ఇతగాడు బండ్ల కింద దూరుతుంటాడు. అందుకే ఆ పేరు.

నేవీకి సీక్రెట్ సిగ్నల్ కోడ్ రాసిన ఇంజనీర్‌ని రెండ్రోజుల కిందట ఒక విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. ముఠా నాయకుడు పైకి దౌత్యవేత్త. తెల్లసూటు తప్ప వెయ్యడు కాబట్టి ఫైల్లో అతని పేరు సూటుబాబు. ఇవాళ అతగాడి ఆఫ్‌రోడ్ బండ్లు మూడు ఓడెక్కి అవతలి దేశానికి పోతున్నాయి. మూడూ ఒకే మోడల్, ఒకే బూడిదరంగు, మూడింటికీ డిప్లొమాటిక్ నంబర్ ప్లేట్లు. వాటిలో ఒకదాని అడుగున రహస్యపు పెట్టె ఉంది. అందులో మత్తులో పడి ఉన్నాడు ఇంజనీర్.

చిక్కేమిటంటే, పైనుంచి ఒక్క బండి సోదాకే పర్మిషన్ వచ్చింది. అందులో మనిషి దొరక్కపోతే సారీ చెప్పి, మిగతా రెండింటికీ సెల్యూట్ కొట్టి సాగనంపాల్సిందే.

"ఏ బండో కనుక్కో. అంతే నీ పని" అన్నాడు పెద్దాయన.

అంతే అన్నంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ఇంజనీర్ పానాకి సొంత బావ. అమ్మానాన్నా పోయాక ఏడేళ్ల పానాని వేలు పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నవాడు, అక్క కసిరినప్పుడల్లా పోనీలేవే అని అడ్డుపడ్డవాడు. రెండ్రోజులుగా అక్క ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తి ఏం చెప్పాలో తెలియక పానా ఎత్తడం లేదు. నిజానికి పెద్దాయన ఈ పని ఇంకొకరికి అప్పగిద్దామనుకున్నాడు. కానీ బండిని గాలితో ఎత్తీ దించే ఎయిర్ సస్పెన్షన్ సంగతి తెలిసినవాడు డిపార్ట్‌మెంట్ మొత్తానికీ పానా ఒక్కడే.

మొదటి బండికి పొద్దున్నే సస్పెన్షన్ వార్నింగ్ లైట్ వెలిగింది. ఓడ ఎక్కేలోపు మూడింటినీ చూపిద్దామని సూటుబాబు మనుషులు రేవు పక్క వర్క్‌షాప్‌కి తెచ్చారు. ఆ వర్క్‌షాప్ ఓనర్ మనవాడు. దానికితోడు ముఠా లోపల ముత్యం ఉండనే ఉంది. ఆరేళ్లుగా సూటుబాబుకి సెక్రటరీ, అసలుకి మన ఏజెంట్. ఆమె పానాని ఎన్నడూ చూడలేదు. ఆమె కబురూ పానా కబురూ ఒక్కటైతే ఆ బండిని ఆపేస్తారు.

రెండింటికల్లా ఆయిల్ మరకల డ్రస్సులో, చెవిలో పెసరగింజంత ఇయర్‌పీస్‌తో పానా వర్క్‌షాప్‌లో ఉన్నాడు. చేతిలో అరచెయ్యంత నల్లడబ్బా, దానికో చిన్న స్క్రీన్, ఒక వైరు. బండి తయారుచేసిన కంపెనీ మెషిన్ కాదది, బయట మార్కెట్లో దొరికే, బండి రోగం పట్టే డయాగ్నోస్టిక్ టూల్. కంపెనీ మెషిన్ ప్రతిదానికీ పర్మిషన్ అడుగుతుంది. ఇది నోరు మూసుకుని చెప్పిన పని చేస్తుంది.

ఈ బండ్లకి ఇనప స్ప్రింగులుండవు. నాలుగు చక్రాల దగ్గరా నాలుగు రబ్బరు తిత్తులు, వాటి నిండా గాలి. వెనక ఎంత బరువేసినా కంప్యూటర్ ఆ తిత్తుల్లోకి ఇంకాస్త గాలి కొట్టించి ఎత్తు సమం చేసేస్తుంది. ఎవడు కనిపెట్టాడోగానీ దొంగలకి దండం పెట్టాల్సిన ఏర్పాటు. వర్క్‌షాప్‌లో మూడు బండ్లూ కవలల్లా ఒకే ఎత్తులో నిలబడి ఉన్నాయి.

కంటికి కనబడని బరువు గాలికి తెలుస్తుంది. బరువెక్కువైతే లేవడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. టెస్టింగ్ అని చెప్పి పానా స్టీరింగ్ కింద వైరు గుచ్చి, మూడో బండిని పూర్తిగా దించి మళ్లీ లేపాడు. ఇరవై సెకన్లు. రెండోదీ ఇరవయ్యే. మొదటి బండి ముందువైపు ఇరవైకే లేచింది. వెనకవైపు ఇరవై అయింది, ఇరవై అయిదయింది, ఇంకా మూలుగుతూనే ఉంది. ఇరవై తొమ్మిదికి గానీ లేవలేదు.

బావ ఇక్కడే ఉన్నాడు. కాలి చెప్పుకి జానెడు దూరంలో. పానాకి దుఃఖం తన్నుకొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చి, చేతులు కడుక్కొస్తానని సింక్ దగ్గరికెళ్లి కుళాయి పూర్తిగా తిప్పాడు. ఆ చప్పుడులో, మొదటి బండి అని చెప్పాడు.

చెవిలో పెద్దాయన గొంతు, చాలా తక్కువ స్థాయిలో. ముత్యం మూడో బండి అని కబురు పంపిందట. ఆరేళ్లుగా ఆమె చెప్పింది ఒక్కసారీ తప్పలేదట. ఆమె మనిషి, నీది డబ్బా, సోదా మూడో బండికే అని తేల్చేశాడు.

పానా కుళాయి కట్టేశాడు. ముత్యం పొరబడలేదు. పొరబడే మనిషైతే ఆరేళ్లు బతికుండేది కాదు. కావాలనే చెప్పింది, అంటే ఆమె సూటుబాబు మనిషే. ఈ ముక్క చెబితే ఇప్పుడు నమ్మేవాడెవడు?

వెనక్కి తిరిగేసరికి ఆమే ఎదురుగా ఉంది. నల్లకళ్లద్దాలు, మెడలో ఆకుపచ్చ స్కార్ఫ్, పెట్రోలు వాసనని కూడా ఓడించే సెంటు. చూస్తే చూపు తిప్పుకోలేని అందం. పానా తిప్పుకున్నాడు.

"మొదటి బండికి అంతసేపు ఎందుకు పట్టింది?" అని అడిగింది.

"లైట్ వెలిగింది దానికే కదండీ మేడం" అన్నాడు.

ఆమె ఒక క్షణం చూసి వెళ్లిపోయింది.

ఇంకో గంట ఉంది. బండిని కిందికి దించేస్తే ఓడ ర్యాంప్ మీద కడుపు ఆని ఆగిపోతుంది అన్నది మొదటి ఆలోచన. ఆ కడుపులో ఉన్నది ఎవరో గుర్తొచ్చి మానుకున్నాడు. దించకూడదు, లేపాలి. ఓడ ద్వారానికి పైన అడ్డంగా ఇనపదూలం ఉంది. బండిని పూర్తిగా దించితే టాప్ మీది క్యారియర్ దాని కిందనుంచి రెండు వేళ్ల ఖాళీతో దూరుతుందనీ, ముందే కొలిచి చూసుకున్నామనీ డ్రైవర్ ఇందాకే గొప్పలు పోయాడు.

పానా టేపు తీశాడు. చక్రం మధ్యనుంచి పైన రేకు అంచుదాకా కొలిచి ఆ లెక్క డబ్బాలో కొట్టాలి, బండి తన ఎత్తు అదేనని నమ్ముతుంది. పానా నాలుగు చక్రాలకీ ఆరేసి సెంటీమీటర్లు తగ్గించి కొట్టాడు. ఇక పూర్తిగా దించినా ఆ బండి నిజంగా ఆరు సెంటీమీటర్లు పైనుండి, అట్టడుగున ఉన్నానని అనుకుంటుంది. ఒక్కదానికే చేస్తే పక్కవాటితో పోల్చి పట్టేస్తారు. అందుకని మూడింటికీ చేశాడు. సూటుబాబు గార్డ్ వచ్చి ప్రతి చక్రం మీదా పిడికిలి దూర్చి చూశాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తే గానీ ఎత్తు మారదు కాబట్టి, ఎప్పటిలాగే ఉంది అని తలూపి వెళ్లాడు.

మూడూ నలభైకి రేవులో మూడో బండిని ఆపారు. సీట్లూ డిక్కీ అడుగూ అన్నీ వెతికారు. ముప్ఫై జతల తెల్లసూట్లు దొరికాయి. సూటుబాబు మర్యాద, అంతర్జాతీయ చట్టం అంటూ లెక్చర్ మొదలెట్టాడు. పెద్దాయన కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడ్డాడు.

ఆ సందట్లో మొదటి బండి మెల్లగా ర్యాంప్ ఎక్కింది. దాని ముందుసీట్లో ముత్యం. ర్యాంప్ ఓడని కలిసేచోట ఉబ్బెత్తుగా ఉన్న మడత మీదికి బండి వచ్చింది, ముందుకి కదిలింది, టాప్ మీది క్యారియర్ దూలాన్ని గుద్దుకుని బిగుసుకుపోయింది. డ్రైవర్ దించే బటన్ నొక్కాడు. ఇంతకన్నా దిగడం కుదరదని స్క్రీన్ చెప్పింది. వెనక్కి లాగబోతే క్యారియర్ దూలానికి చిక్కి మొత్తం బండి గిజగిజలాడింది. నిమిషానికోసారి ఓడ కూత. దారి క్లియర్ చెయ్యకపోతే ఓడ మిమ్మల్ని వదిలేసి పోతుందని పోర్ట్ ఆఫీసర్ కేకలు.

సూటుబాబే స్వయంగా వర్క్‌షాప్‌కి ఫోన్ చేసి మెకానిక్‌ని పిలిపించాడు.

పానా డబ్బాతో పరిగెత్తుకొచ్చాడు. టైమ్ మూడూ యాభై రెండు. వైరు గుచ్చి, స్క్రీన్ చూసి, తల గోక్కున్నాడు. మామూలుగా దిగదు, తిత్తుల్లో గాలి మొత్తం వదిలెయ్యాలి, బండి కడుపు కిందున్న ర్యాంప్ మడతకి ఆనుతుంది, రేకులు కాస్త సొట్టపోతాయి, అంతకన్నా నష్టం లేదు అని అందరికీ వినబడేలా చెప్పాడు. సరే వదులు, తొందరగా అన్నాడు పోర్ట్ ఆఫీసర్. సూటుబాబు మొహం సూటుకన్నా తెల్లబడింది.

పానా బటన్ నొక్కాడు. బుస్సుమని గాలి పోతోంది. నాలుగు వేళ్లు దిగాక ఆగేలా డబ్బాలో సెట్ చేసుకున్నాడు. మాట వింటుందో లేదో తనకే తెలియదు. ఒక వేలు దిగింది. లోపల ముత్యం కదల్లేదు. బావ చచ్చిపోతే కోడ్ కూడా చస్తుంది, ఆరేళ్ల నాటకం మట్టిలో కలుస్తుంది, ఆ సంగతి ఆమెకి తెలుసు. రెండో వేలు. ఇంకొక్క క్షణం చూసి ఆపేద్దామనుకున్నాడు.

ముత్యం తలుపు తోసుకుని దూకింది.

"ఆపు. కింద మనిషున్నాడు."

పానా బటన్ మీది వేలు తీసేశాడు. మూడో బండి అని తనే చెప్పానని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. కళ్లద్దాలు తీసి పెద్దాయన వైపు చూసింది. మనిషి ప్రాణం మాటొచ్చాక ఏ పర్మిషనూ అక్కర్లేదని పోర్ట్ ఆఫీసరే ముందుకొచ్చి బండి రేకుకి చెవి ఆనించాడు. మూలుగు వినబడింది.

దారికి బండి అడ్డం ఉండడంతో నాలుగైనా ఓడ కదల్లేదు. ముత్యాన్నీ డ్రైవర్నీ జీపెక్కించారు. చట్టం ముట్టుకోలేని సూటుబాబుని దేశం వదిలి పొమ్మన్నారు. పెద్దాయన పానా దగ్గరికొచ్చి, ఆ డబ్బా మాటే వినాల్సింది అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

బండిలో సీట్లు పీకి, పైనుంచి పెట్టె కోసి బావని తీశారు. పానా కావలించుకుని ఏడ్చేశాడు. బావ మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, అయినా ఇంజనీర్ కదా, ఊరుకోడు. బండి పక్కన మోకాళ్ల మీద కూలబడి, పెట్టె అడుగుకీ ర్యాంప్ మడతకీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. ఒక్క వేలు పట్టింది.

"ఇంకా ఎంత దించుదామనుకున్నావురా?"

"ఇంకో రెండు వేళ్లు, బావా."

బావ ఆ సందు కేసి చాలాసేపు చూశాడు.

"ఈ సంగతి మీ అక్కకి చెప్పకు" అన్నాడు.