దారి మీద మిగిలిన రాళ్లు

అద్దంలో మళ్లీ ఆ లైటు!

తిరుపాల్ యాక్సిలరేటర్ ఆఖరిదాకా తిప్పాడు. పత్తి మూటలతో లగేజీ ఆటో ఎమ్మిగనూరు దాటి ఆదోని రోడ్డెక్కింది. టైమ్ ఏడే. రోడ్డు మాత్రం చిమ్మచీకటి!

వెనక బైకు వదలడం లేదు. హారన్ మీద హారన్!

"మెల్లగా పోప్పా!" వెనక నుంచి అతని భార్య మల్లేశ్వరి అరుపు. మూటలు టాపు దాకా ఉన్నాయి. ఆమె వాటికి అవతల, వెనక డోరుకు ఆనుకుని కూర్చుంది. అతనికి ఆమె కనబడదు, గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

ఎదురుగా లారీ... దాని వెలుగు బైకు మీద పడింది.

హెడ్‌లైటు పైన తెల్ల సిలువ స్టిక్కర్!

సామ్సన్! దుర్గప్ప కొడుకు!

ఆ స్టిక్కర్‌ను తిరుపాల్ మర్చిపోలేడు. దుర్గప్ప సమాధి దగ్గర చూశాడు. ఊళ్లో అందరితోపాటు తనూ పోయి గుప్పెడు మట్టి వేసి వచ్చాడు మరి. చంపినవాడే మట్టి వేశాడని ఎవరికి తెలుసు?

ఎనిమిది రోజులైంది. రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న కుప్పకు కాపలాగా, పక్కనే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు ముసలి దుర్గప్ప. తిరుపాల్ బస్సును ఓవర్‌టేక్ చేశాడు... దడ్! ఆపలేదు. చూసింది ఆటోలో ఉన్న మల్లేశ్వరి ఒక్కతే. ఆ రోజు నుంచీ ఒకటే పోరు, పోలీసులకు చెప్పేద్దామని.

ఇప్పుడు వీడికెలా తెలిసింది?

"ఆపప్పా! ఆ పిల్లోడు ఏందో సెప్తాండాడు!"

"ఆపితే నా పీక కోస్తాడే! గట్టిగా పట్టుకో!"

బైకు దగ్గరికొచ్చేసింది. సామ్సన్ ఒక చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. చేతిలో ఏముంది? కత్తా?

తిరుపాల్ ఆటోను అటూ ఇటూ తిప్పాడు. బైకు వెనక్కి తగ్గింది. తమ ఊరి క్రాస్ వచ్చింది. స్పీడ్ తగ్గించలేదు.

ధడేల్!

ఆటో గాల్లోకి లేచి పడింది. హ్యాండిల్ చేతుల్లోంచి జారబోయింది. ఎలాగో నిలబెట్టాడు. ఇంకా స్పీడ్... ఇంకా...

అద్దంలోకి చూశాడు.

లైటు లేదు!

"సూసినావా మల్లీ! తప్పించుకున్నాం!" పిచ్చివాడిలా నవ్వాడు.

జవాబు లేదు. అలిగిందిలే అనుకున్నాడు. ఈ ఎనిమిది రోజులూ ఆమె అలకే కదా!

"సరేలే... పత్తి అమ్మినాక మాట్లాడుకుందాం. నాకూ బయమే మల్లీ. కండ్లు మూస్తే ఆ దుప్పటే కనపడతాది."

ఆదోని దీపాలు కనబడ్డాయి. ఆటో పక్కకు ఆపి వెనక్కి వెళ్లాడు.

వెనక డోరు వేలాడుతోంది. కొక్కెం ఊడిపోయి ఉంది. మల్లేశ్వరి లేదు!

"మల్లీ!"

అప్పుడు గుర్తొచ్చింది... క్రాస్ దగ్గర రాళ్లు!

తన రాళ్లే. తమ మొక్కజొన్నల మీదికి బండ్లు ఎక్కకుండా తనే చుట్టూ పేర్చాడు. మధ్యాహ్నం మొగుడూ పెళ్లాం గింజలు ఎత్తుకున్నారు. రాళ్లు కూడా తీసేయమని మల్లేశ్వరి మొత్తుకుంది. రేపు తీద్దాంలే అన్నాడు తను. అందరూ అనే మాటే.

ఫోన్ మోగింది. మల్లేశ్వరి నంబర్!

"మల్లీ! యాడున్నావే?"

"నేన్నా... సామ్సన్‌ను."

తిరుపాల్ వేలాడుతున్న డోరు పట్టుకున్నాడు.

"అక్కకు తల పగిలింది. తువ్వాల కట్టినాను. ఊపిరి ఆడతాంది. 108కి ఫోన్ చేసినా. కొక్కెం ఊడింది, ఆపన్నా అని అంత అరిస్తి కదా... ఇనవైతివి!"

"సామ్సన్... నీకు దండం పెడతా..."

"మా నాయన సంగతి అక్క సెప్పింది. సచ్చిపోతాననుకుని అంతా సెప్పేసింది."

ఎవరైనా విన్నారేమోనని తిరుపాల్ చుట్టూ చూశాడు.

"ఆ దినం ఒక్కడు నిలబడింటే మా నాయన బతికిండేవాడంట. డాక్టరే సెప్పినాడు. ఇంత తెలిసినా అక్కను ఇడిసిపెట్టి పోలేదు నేను. నువ్వొస్తావా? ఈ తూరి కూడా పారిపోతావా?"

ఫోన్ కట్!

ముందు ఆదోని. బస్సులు, రైళ్లు. తెల్లారేసరికి ఎక్కడికైనా పోవచ్చు.

తిరుపాల్ ఆటోను వెనక్కి తిప్పాడు.

క్రాస్ దగ్గర బైకు లైటు వెలుగుతోంది. రాళ్ల మధ్య రోడ్డు మీద కూర్చున్నాడు సామ్సన్, మల్లేశ్వరి తల ఒళ్లో పెట్టుకుని. వాళ్ల పక్కనే పోలీసు జీపు!

ఇంకా టైముంది. పక్కనే మట్టి దారి ఉంది.

తిరుపాల్ వెళ్లి సరిగ్గా జీపు ముందే ఆటో ఆపాడు.