మూల స్థలంలో మూలుగు

మా వీధి చివర ఖాళీ స్థలం మాటెత్తితే చాలు, ఎంత గట్టి గొంతైనా తగ్గిపోయేది. గాలి వీచే రాత్రుళ్లు అక్కడ నేలలోంచి మూలుగు వినపడుతుందని... చీకటి పడ్డాక కుక్క కూడా అటు పోదని. అందుకే చవగ్గా వచ్చింది. మా వదిన కొనేసింది.

"దెయ్యాలు రొట్టెలు కొనవా ఏంటి?" అంది.

వదిన బేకరీ అద్దె కొట్టులో ఉండేది. వానాకాలం దాటేలోగా అది ఖాళీ చెయ్యాలి. ఈలోపు సొంత కొట్టు లేవకపోతే బేకరీ మూతే. కానీ పాత వీధుల్లో పునాది తియ్యాలంటే, ముందు పాతకాలపు ఆనవాళ్లు వెతికేవాళ్లు వచ్చి చూసి సరే అనాలి.

వాళ్ల తరఫున ఒక అమ్మాయి వచ్చింది. పాత పటాలు తిరగేసింది. తర్వాత ఇంటింటికీ వెళ్లి, "అక్కడ ముందు ఏముండేదండీ?" అని అడిగింది.

అందరిదీ ఒకటే మాట — దెయ్యం!

ఆ పిల్ల నవ్వలేదు. "మూలుగు ఎటునుంచి వస్తుంది? మీ గుమ్మంలో నిలబడి వేలు పెట్టి చూపించండి" అంది. సిగ్గుపడుతూనే నేనూ చూపించాను. వేలు వేలుకీ పటం మీద ఒక గీత గీసింది. గీతలన్నీ ఒక్కచోట కలిశాయి.

"దెయ్యం అడ్రసు దొరికిందక్కా" అంది వదినతో.

అక్కడే గొయ్యి తవ్వించింది. నడుములోతు దిగేసరికి పొద్దుగూకింది. "ఇది తడిస్తే అంచులు కూలి పని మళ్లీ మొదటికొస్తుంది. మబ్బు పడితే టార్పాలిన్ పట్టా కప్పించండి" అని చెప్పి వెళ్లింది.

ఆ రాత్రే మబ్బు పట్టింది. గొయ్యి తవ్విన మేస్త్రి ఇల్లు ఆ స్థలానికి ఎదురే. కబురు పెడితే జ్వరమన్నాడు. దెయ్యం జ్వరం! అన్నయ్య ఊళ్లో లేడు. నన్ను పిలిచి లాభం లేదని వదినకి తెలుసు.

ఇక్కణ్ణుంచి వదిన చెప్పిందే.

పిండి కలుపుతున్న మనిషి అలాగే లేచి వెళ్లింది. వీధి దీపం ఆరిపోయింది... గాలి లేచింది... కాళ్ల కింద — ఊఁ... ఊఁ...

"మూలుగు, మూలుగు. నా పని నాది" అని గొణిగి, పట్టా కొస పట్టి లాగింది. ఇద్దరు పడితేగానీ కదలని పట్టా... దూదిలా తేలి గొయ్యి మీద పరుచుకుంది. అంచుల మీద రాళ్లు పెట్టి — పరుగో పరుగు!

రాత్రంతా కుండపోత. తెల్లారి చూస్తే గొయ్యి పొడిగా ఉంది. ఇంకో జానెడు తవ్వగానే బయటపడింది... ఇటుకల పొయ్యి! అడుగున మాడిన రొట్టె ముక్క. దాని పొగగొట్టం మూతి పొదల్లో తెరుచుకుని ఉంది. అందులో గాలి దూరితే — ఊఁ!

"అమ్మాయ్... ఇక కట్టనివ్వరా?" అని అడిగింది వదిన.

"గోడ కాస్త జరపండి, పొయ్యి మీద గాజు పలక వెయ్యండి. కట్టుకోండక్కా. మీకంటే ముందే ఇక్కడెవరో రొట్టెలు కాల్చారు!"

అప్పుడొచ్చాడు మేస్త్రి, మొహం వేలాడేసుకుని. "నేనీ పని చెయ్యలేనమ్మా. రాత్రి కిటికీలోంచి చూశాను... మెరుపులో... నిలువెల్లా తెల్లగా..."

అందరం వదిన వంక చూశాం. చెవుల వెనక ఇంకా మైదా పిండి! నవ్వలేక చచ్చాం.

"అది నేనేనయ్యా! జ్వరం మనిషికి కిటికీ దగ్గరేం పని?"

మేస్త్రి నవ్వలేదు.

"ఇటు కొస పట్టుకుంది మీరే అనుకోండమ్మా... మరి అటు కొస పట్టుకుందెవరు?"

బేకరీ ఇప్పుడు కళకళలాడుతోంది. మొదటి వాయిలో ఒక రొట్టె మాత్రం వదిన రోజూ ఆ గాజు పలక మీద పెడుతుంది.

"సాయం పట్టిన చెయ్యి కదే!" అంటుంది నాతో... మెల్లిగా.