పుట్టినరోజు వంట ఎవరిది?

ఆ శనివారం ఉదయం ఒటీలియా ఎప్పటిలాగే అందరికంటే ముందు లేచింది. కాఫీ కాచుకుంది. వసారాలో కుండీలకు నీళ్లు పోసింది. మళ్లీ వంటింట్లోకి వచ్చేసరికి బల్ల మీద మూడు బుట్టలు అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో పచ్చి అక్రోట్లు, ఒకదాంట్లో అరచేయంత ముదురాకుపచ్చ మిరపకాయలు, మరోదాంట్లో దానిమ్మలు. ఆగస్టు వచ్చిందంటే వాళ్ల ఊరు ప్వెబ్లాలో ఏ ఇంట్లో విందయినా కూరిన మిరపకాయల మీద అక్రోట్ల గుజ్జు పోయాల్సిందే. పక్క వీధిలో కాపురముంటున్న కూతురు మారిసెలా ఆ బుట్టలు రాత్రే దించి వెళ్లింది.

ఒటీలియా వాటిని ఒకసారి చూసి, రేడియో పెట్టుకుని, తీరిగ్గా గోళ్లకు రంగు వేసుకోవడం మొదలుపెట్టింది.

పదింటికి మారిసెలా సుడిగాలిలా వచ్చింది. "అమ్మా! ఇంకా అక్రోట్లు ఒలవలేదా? మూడింటికి ముప్పై మంది వస్తున్నారు!"

"ఇవాళ ఎవరి పుట్టినరోజే?"

"అదేం ప్రశ్న? నీదే. డెబ్భై నిండుతున్నాయి. అందుకేగా అందర్నీ పిలిచాను!"

"పిలిచావు, సంతోషం. వండేదెవరు?"

మారిసెలా నవ్వేసింది. "నీ చేతి వంట ఉండగా ఇంకొకరు వండుతారా?"

"అయితే ఇవాళ నువ్వే వండు తల్లీ. నేను బయట భోంచేస్తున్నాను. పాత మఠంలో పెద్ద రెస్టారెంటు పెట్టారు చూడు, అక్కడ రెండింటికి టేబుల్ చెప్పించుకున్నాను."

ఒటీలియా ఆడపడుచు, చనిపోయిన భర్త చెల్లెలు తోమాసా ఆ ఇంట్లోనే ఉంటుంది. కుర్చీలోంచి లేవకుండానే మూతి తిప్పింది. "డెబ్భై ఏళ్లకి పుట్టిందమ్మా సరదా! మా అన్నయ్య బతికున్నన్నాళ్లూ బయట ముద్ద ముట్టి ఎరగడు."

"ఎలా ముడతాడు తోమాసా? మూడు పూటలా ఇక్కడ నేను వండి పెడుతుంటేనూ."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా అమ్మా!" మారిసెలా గొంతు పెరిగింది.

"చెప్పాను. నువ్వు బుట్టలు దించుతుంటే, ఈసారి నా వల్ల కాదే అన్నాను. ఎప్పుడూ అదే అంటావు, చివరికి నువ్వే చేస్తావు అని నవ్వి వెళ్లిపోయావు."

మారిసెలా విసురుగా అక్రోట్ల బుట్ట ముందుకు లాక్కుంది. మధ్యాహ్నం ఒటీలియా ద్రాక్షరంగు గౌను వేసుకుని, ముత్యాల కమ్మలు పెట్టుకుని, పెదవులకు ఎర్రరంగు దిద్దుకుని టాక్సీ ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రాతి స్తంభాల నడుమ, నీళ్ల ఫౌంటెన్ పక్కన తెల్లటి గుడ్డ పరిచిన టేబుల్ చూపించారు. తల నెరిసిన వెయిటరు కుర్చీ లాగి, "ఒక్కరేనా అమ్మగారూ?" అన్నాడు.

"ఒక్కదాన్నే. తొందరేం లేదు నాయనా, నిదానంగా కానివ్వు."

గుమ్మడిపూల సూపు వచ్చింది. పొగలు కక్కుతుండగానే తాగింది. తర్వాత ఏం తెమ్మంటారని అడిగితే, అక్రోట్ల గుజ్జు పోసిన మిరపకాయే తెమ్మంది. "గుజ్జు పోసిన వెంటనే తింటేనే దాని రుచి. ఆ మాట మా ఇంట్లో అందరికీ నేనే చెబుతాను. నా వంతు వచ్చేసరికి గిన్నెలో గుజ్జుండదు."

వెయిటరు నవ్వి లోపలికి వెళ్లాడో లేదో, గుమ్మం దగ్గర అలికిడయింది. మారిసెలా! నడుముకు ఏప్రాన్, చెదిరిన జుట్టు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూస్తున్నా పట్టించుకోకుండా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, లే! మూడు గంటలుగా ఒలుస్తుంటే గిన్నెడు అక్రోట్లు కూడా కాలేదు. పప్పు మీది పొర ఊడి చావట్లేదు. మిరపకాయలు కాలిస్తే చిరిగిపోయాయి. జనం వచ్చేస్తున్నారు. టాక్సీ బయటే ఉంది."

"కూర్చో."

"కూర్చునే వేళా ఇది? అందరిలో నా పరువు పోతోంది!"

"వాళ్లు నన్ను చూడ్డానికి వస్తున్నారా, నా వంట తినడానికా?" ఒటీలియా గొంతు పెంచలేదు.

"వంట చేయడం నీకు ఇష్టమనుకున్నానమ్మా..."

"ఇష్టమే. రేపూ వండుతాను. కానీ పోయినేడు ఇదే రోజున మీరంతా హాల్లో నిలబడి నా పుట్టినరోజు పాట పాడారు. నేనెక్కడున్నాను?"

మారిసెలా టేబుల్ అంచు పట్టుకుంది.

"పొయ్యి దగ్గరున్నాను. పాట అక్కడికే వినిపించింది. తర్వాత నువ్వే కేకు ముక్క తెచ్చి కిటికీలో పెట్టి, తర్వాత తినమ్మా అని వెళ్లిపోయావు. చీమలు పట్టాయే దానికి."

మారిసెలా తల దించుకుంది. తెల్లటి గుడ్డ అంచు మీద తన చేతులు కనిపించాయి. వేళ్ల నిండా అక్రోట్ల నల్లటి మరకలు. చిన్నప్పటి నుంచీ ప్రతి ఆగస్టులోనూ అమ్మ చేతులు ఇలాగే ఉండేవి. అది అమ్మ చేతుల రంగే అన్నట్టు, ఎప్పుడూ ఒక్క మాట అడగలేదు. వెయిటరు చప్పుడు చేయకుండా తెచ్చిన కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఒటీలియా ఆమె వీపు నిమిరింది. ఇంతలో ప్లేటు వచ్చింది. ఆకుపచ్చ మిరపకాయ, పైన తెల్లటి గుజ్జు, దాని మీద ఎర్రటి దానిమ్మ గింజలు. ఒటీలియా మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఎలా ఉంది?" ముక్కు తుడుచుకుంటూ అడిగింది మారిసెలా.

"నాదే బావుంటుంది." ఒటీలియా ఇంకో ముక్క కోసింది. "కానీ ఇది నేను కూర్చున్న చోటికి వచ్చింది."

మారిసెలా ఏడుపులోనే నవ్వింది. ఫోన్ తీసి, ఇంటి దగ్గరున్న అన్న ఫెర్మీన్‌కి కలిపింది. "అన్నయ్యా, బజారుకెళ్లి పందిమాంసం వేపుడూ, మొక్కజొన్న రొట్టెలూ ముప్పై మందికి సరిపడా తెచ్చేయ్."

"అమ్మ వంట లేదా? అందరికీ ఏం చెప్పను?"

"అమ్మ భోంచేస్తోందని చెప్పు. అయ్యాక వస్తుంది."

అవతల తోమాసా ఫోన్ లాక్కున్నట్టుంది. "ఇంటికొచ్చిన వాళ్లకి బజారు కూడు పెడతారటే?"

"నీకు అంత కష్టంగా ఉంటే, మిగిలిన అక్రోట్లు వంటింట్లోనే ఉన్నాయత్తా. ఒలువు," అని ఫోన్ పెట్టేసింది.

ఒటీలియా పకపకా నవ్వి వెయిటరును పిలిచింది. "మా అమ్మాయికీ ఒకటి తీసుకురా నాయనా."

మారిసెలా కంగారుగా లేచింది. "ఉండమ్మా, చేతులు కడుక్కొస్తాను. ఈ చేతులతో ఇక్కడ ఎలా తినను?"

"కడిగితే పోయే మరక కాదది, వారం పడుతుంది." ఒటీలియా కూతురి నల్లటి వేళ్లు తన చేతిలోకి తీసుకుని, తెల్లటి గుడ్డ మీదే పెట్టింది. "కూర్చో. ఇద్దరం కలిసి తిందాం."