కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

కాళీ నది ఒడ్డున తిమోతి మొదట బిగించింది నిస్సీ హెల్మెట్ కాదు, నిస్సీ తల్లి కృపమ్మది.

"మెల్లగ పిల్లగా! దవడ ఊడొస్తది."

"ఊడదు ఆంటీ. వదులుగ ఉంటేనే పరేషాన్."

తల్లి వెనక నిలబడి నిస్సీ నవ్వింది. తిమోతి చూపు అటు పోయింది. కృపమ్మ దగ్గింది. చూపు వెనక్కి వచ్చింది.

కంగ్టి నుంచి పని వెతుక్కుంటూ కర్ణాటకలోని దండేలి వచ్చి, రాఫ్ట్ అనే గాలి నింపిన రబ్బరు పడవ నడిపే గైడ్ అయ్యాడు తిమోతి. నిరుడు చర్చి యువతతో వచ్చిన నిస్సీకి నచ్చాడు. "నీళ్లల్ల బత్కెటోనికి బిడ్డనియ్య" అంది కృపమ్మ. "ఒక్కసారి నా రాఫ్ట్ ఎక్కు ఆంటీ, దిగినంక చెప్పు" అన్నాడతను. అందుకే కృపమ్మ నారాయణఖేడ్ నుంచి, నిస్సీతో పాటు తన తమ్ముడు సైమన్‌ను తోడు తీసుకుని, ఇంత దూరం వచ్చింది.

"నీళ్లల్ల పడితే నిలబడొద్దు. వెల్లకిల పండి, కాళ్లు ముందరికి పెట్టాలె. తాడు ఇసురుత, పట్టుకోవాలె" అని తిమోతి ముమ్మారు చెప్పించాడు.

రాఫ్ట్ కదిలి, మొదటి సుడుల హోరు వినపడగానే కృపమ్మ తెడ్డు ఆపేసింది. వాళ్లింట్లో సంతకు పోయే ఆటో కూడా ప్రార్థన లేకుండా కదలదు.

"ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న తండ్రీ..."

అలవాటుగా ముగ్గురూ తెడ్లు ఒళ్లో పెట్టి, కళ్లు మూశారు.

"ఫార్వర్డ్!" అరిచాడు తిమోతి. ఎవరూ తెడ్డు వేయలేదు. "అయ్యో, కండ్లు తెరువుండ్రి! ఆమెన్ తర్వాత!"

రాఫ్ట్ అడ్డం తిరిగి బండను గుద్దింది. నిస్సీ నీళ్లలో పడింది.

తిమోతి విసిరిన తాడు గాలిలో లేచింది. వెల్లకిలా, కాళ్లు ముందుకు చాచి తేలుతున్న నిస్సీ దాన్ని పట్టేసింది. పైకి లాగగానే నవ్వింది. "మస్తు ఇసిరినవ్!"

తిమోతి నవ్వలేదు. ఆమె హెల్మెట్ పట్టీ, జాకెట్ పట్టీలు ఒక్కొక్కటే మళ్లీ లాగి చూశాడు. కృపమ్మ అది గమనించింది.

తర్వాతి మలుపుకు ముందే రాఫ్ట్ ఒడ్డుకు చేర్చి, తిమోతి బండెక్కి చాలాసేపు నీళ్లు చూశాడు.

"వాన పడి నీళ్లు పెరిగినయి. ఇక్కడ రాఫ్ట్ మోస్కొని నడుద్దాం."

"భయపడ్డవా హీరో?" అంది నిస్సీ.

"అవు. భయమే."

కృపమ్మ తలెత్తింది. "రోజూనా?"

"రోజూ ఆంటీ. తాడు మంచిగున్నదా, పట్టీ ఊడిందా... నిద్రల గూడ చూస్కుంట."

పొయ్యి ఆరిందో లేదో మూడుసార్లు లేచి చూసే కృపమ్మ, ఇన్నేళ్లూ ఈ లోకంలో భయపడేది తానొక్కతే అనుకుంది.

రాఫ్ట్‌ను బండల మీదుగా మోసి, కింద మళ్లీ నీళ్లలో దించారు. ఎదురుగా చివరి చిన్న సుడి. ఈసారి కృపమ్మ తెడ్డు గట్టిగా పట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, బిగ్గరగా మొదలుపెట్టింది.

"ప్రభువా, నా బిడ్డను, నా అల్లుణ్ణి సల్లంగ ఒడ్డుకు చేర్చు!"

తిమోతి తెడ్డు గాలిలోనే ఆగిపోయింది.

"ఏంది గట్ల చూస్తవ్?" అరిచింది కృపమ్మ. "తెడ్డెయ్యి, అల్లుడా!"