నాలుగో అంకెకు చోటు

ప్రశాంతి ఆ కాగితాన్ని కౌంటరు మీద పరిచి, మధ్యలో వేలు పెట్టింది.

"ఇదేందప్పా?"

"రిపోర్టు," అన్నాడు వంశీకృష్ణ.

"మా అవ్వ పేరు సుబ్బలక్ష్మమ్మ. ఈడ సుబ్బలక్ష్ అని ఉండాది. మిగతా అవ్వ యాడికి పోయింది?"

"గడిలో పట్టలేదు."

"మా నాయన బోరు లోతు కాడ ముగ్గులు పెట్టినావు."

"అవి ముగ్గులు కాదు మేడమ్. అంకె పట్టకపోతే కంప్యూటర్ అట్ల హ్యాష్ గుర్తులు పెడతాది. ఆ కాలమ్ మూడంకెలకే చేసినా. వెయ్యి అడుగులు దాటి బోర్లేస్తారని అప్పుడెవురు అనుకున్యారు?"

"ఏసినారు. నీళ్లు పడలేదు. కాగితం మీద అంకెలన్నా పడాల కదా?"

వంశీకృష్ణ మొదటిసారి తలెత్తి చూశాడు. చూశాక దించడం కొంచెం ఆలస్యమైంది.

రాప్తాడులో హైవే పక్కన బదరీనారాయణ శెట్టిది మోటార్ల అంగడి. బోరు ఎంత లోతో తెలిస్తేనే ఎంత మోటారు దించాలో తెలుస్తుంది. అందుకని చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు ఏ ఏడు బోరు వేశారు, ఎంత లోతు పోయారు, నీళ్లు పడ్డాయా లేదా అన్నదంతా ఆ అంగడి కంప్యూటర్లో ఉంది. ఎక్కించింది శెట్టిగారి కొడుకు వంశీకృష్ణ. బెంగళూరులో రెండేళ్లు ఉద్యోగం చేసి, అక్కడి అద్దెలూ ట్రాఫిక్కూ తన ఒంటికి పడవని తేల్చుకుని తిరిగొచ్చినవాడు.

ప్రశాంతి ఆ వెనక వీధి స్కూల్లో సైన్స్ టీచరు. ఆమె కష్టమల్లా ఇంట్లో ఉంది. చీనీ బత్తాయిల తోట ఎండిపోతోందని నాయన ఎర్రన్న ఇంకో బోరుకు సిద్ధమయ్యాడు. నీళ్లు చూసే బయ్యన్న అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా నిలబడిన చోట సున్నంతో గుర్తు కూడా వేయించాడు. బోరు బండి నల్లమాడలో ఉంది, సోమవారం వస్తుంది. ఖర్చుకు రోడ్డు పక్క ఎకరా బేరం పెట్టాడు.

వద్దని ప్రశాంతి నోటితో చెప్పి చూసింది. టీచర్ల మాట వినేది పిల్లలే, వాళ్లూ పరీక్షల ముందే. ఊళ్లో బోర్లన్నీ ఒక్కచోట కళ్లకు కడితే నాయన ఆగుతాడని ఆమె ఆశ.

"ఒకే పేజీలో రావాల," అంది. "మా నాయన రెండో పేజీ తిప్పడు."

అది నిజం. ఎర్రన్న ఏ కాగితాన్నీ వెనక్కి తిప్పి ఎరగడు. పెళ్లిపత్రికలో ముహూర్తం రెండో పక్క ఉంటే, భోజనాల వేళకు పోయి వచ్చేవాడు.

"అయితే పేజీ అడ్డంగా పెడతా. కాలమ్స్ అన్నీ బాగా పడతాయి."

"అడ్డంగా ఉంటే అది ఆఫీసోళ్ల కాగితం అని పక్కన పారేస్తాడు. నిలువుగానే ఉండాల. అద్దాల్లేకుండా కనపడాల. పేర్లు తెంచగూడదు."

"ఇది రిపోర్టు కాదు మేడమ్, మా పల్లె బస్సు. అందరికీ సీటు కావాల, ఎవురూ వేలాడగూడదు."

"నడిపేది నువ్వే కదా. సర్దు."

ఆ మరునాటి నుంచి స్కూలు వదలగానే ప్రశాంతి అంగడికి రావడం, వంశీ ప్రింటు తీయడం, ఇద్దరూ దాని మీద పోట్లాడడం అలవాటైంది. ఒకరోజు ప్రతి పేజీ తర్వాత ఒక తెల్ల కాగితం వచ్చింది. పేజీ కన్నా రిపోర్టు అరంగుళం వెడల్పయిందని వంశీ వివరించాడు. అంచు తగ్గిస్తే పేర్లు విరిగాయి. పేర్లు సర్దితే ఒత్తుల అడుగు భాగాలు గీత కింద తెగిపోయాయి.

"అంకెలు ఎందుకు నడుమ నిలబెట్టినావు?" అందామె బుధవారం నాడు. "కుడిపక్కకు ఆనించు. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు. మూడో క్లాసు పిల్లోళ్లకు చెప్తాం."

"సరే టీచర్." మౌస్ కదిపాడు. స్క్రీను ఒకటే కాబట్టి ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి. ఇలాంటి కథల్లో ఈపాటికి వాన రావాలి. అనంతపురం జిల్లా గనక దుమ్ము వచ్చింది. వంశీ లేచి షట్టరు సగం దించి, అవసరమైన దానికన్నా నిదానంగా తిరిగొచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎర్రన్న ఫోన్ చేశాడు.

"పాపా, బండి వచ్చేసిందమ్మా. నల్లమాడలో పని జల్దీ అయిపాయనంట. సాయంత్రానికి మొదలుపెడతాం."

ప్రశాంతి క్లాసును పక్క టీచరుకు అప్పగించి అంగడికి పరుగెత్తింది.

"బండి వచ్చేసింది. ఎంతసేపు పడతాది?"

వంశీ ఏమీ సర్దలేదు. ఒక్క మీట నొక్కాడు. ప్రింటర్లోంచి నిలువుగా ఒక్క పేజీ వచ్చింది. అవ్వ పేరు ఒత్తులతో సహా నిండుగా ఉంది. వెయ్యి దాటిన లోతుల్లో నాలుగంకెలూ కూర్చున్నాయి. వెనక తెల్ల కాగితం రాలేదు.

ఆమె కాగితం వైపు, అతని వైపు చూసింది.

"ఇది ఎప్పుడు సరిపాయ?"

"బుధవారం."

"మరి నిన్న అవ్వ పేరు మళ్లీ తెగింది కదా?"

"నేనే గడి తగ్గించినా." గొంతు కూడా తగ్గింది. "సరిపోతే నువ్వు రావు కదా."

"ఆడ మా ఎకరా పోతాంటే నువ్వు ఈడ ఆటలాడతాండావా?"

"సోమవారం అంటివి. రేపు ఇచ్చేద్దామనుకున్యా. తప్పే." ఒక్క క్షణం ఆగి, "నువ్వు మాత్రం? మొన్న మోటారు ఏ కంపెనీదని కాలమ్ చేర్చమంటివి. నిన్న బోరు చేనికి ఏ దిక్కో కావాలంటివి. దిక్కుతో మీ నాయనకేం పని?"

ప్రశాంతి కాగితాన్ని జాగ్రత్తగా పట్టుకుని, "బైకు తియ్యి," అంది.

బదరీనారాయణ గల్లా దగ్గర నుంచి అడిగాడు. "యాడికిరా?"

"ఒక మోటారు అమ్ముడుపోకుండా చూసొస్తా నాయనా."

చేలో బండి నిలబడి ఉంది, ఇంకా గొట్టం ఎత్తలేదు. సున్నం గుర్తు పక్కన ఎర్రన్న తువ్వాలు దులుపుకుంటున్నాడు. ప్రశాంతి కాగితం చేతికిచ్చింది.

ఆయన దాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, పైనుంచి కిందికి చూశాడు. పాత బోర్లు పైన, కొత్తవి కింద. లోతు కాలమ్‌లో అంకెలు కుడిపక్క గోడ కట్టినట్టు నిలిచాయి. ఎడమపక్క మాత్రం రెండంకెలు, మూడు, నాలుగు అని బయటికి జరుగుతూ దిగాయి.

"మెట్లబావి మాదిరి ఉండాదే," అన్నాడు.

"ఊఁ," అంది ప్రశాంతి.

"కింద అన్నిటికీ నీళ్లు లేవు, లేవు అని ఉండాది. తప్పు పడిందేమో?"

"లేదు అ..." అన్నాడు వంశీకృష్ణ. అంగడికొచ్చిన ప్రతి రైతునూ పిలిచినట్టు ఆయన్నీ ఇన్నాళ్లూ అన్నా అనే పిలిచాడు. ఎర్రన్న అన్నయితే ఆయన కూతురు తనకేమవుతుందో ఆ సగం మాట దగ్గర తట్టింది. "లేదు మామా. నేనే ఎక్కించినా."

ప్రశాంతి సున్నం గుర్తును శ్రద్ధగా పరిశీలించసాగింది.

ఎర్రన్న ఆ మెట్ల వెంబడి అడుగుదాకా వేలు దించాడు. తర్వాత బండి డ్రైవరు వైపు తిరిగాడు.

"ఓబిలేషూ, బండి తిప్పుకోప్పా. టీ తాగి పో."

"కాయ నిలబడిందంట కదన్నా?"

"నిలబడింది. పచ్చడి చేసుకుంటాం." ఎండిన చీనీ చెట్ల వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. "రోడ్డు పక్క ఎకరా ఎవురికీ ఇయ్యను. వానొస్తే శనక్కాయ ఏస్తా."

ఆయన ఇప్పుడు వంశీ వైపు తిరిగాడు.

"పోయిన నెల మోటారు రిపేరుకొస్తే అన్నా అంటివి."

"అప్పటికి మీ పాపను చూడలేదు మామా."

ఎర్రన్న కూతుర్ని చూశాడు. సున్నం గుర్తులో అంత చూడవలసిందేమీ లేదని ఆయనకు తెలుసు.

"మీ నాయన ఏమంటాడో. మోటారు బేరమూ పాయ, కొడుకూ పాయ అంటాడు."

అని, కాగితాన్ని వెనక్కి తిప్పాడు. ప్రశాంతి తల చటుక్కున లేచింది.

"ఈ పక్క ఏమీ లేదే?"

"ఒకే పేజీ అన్యారు మేడమ్," అన్నాడు వంశీకృష్ణ.

"మంచిదే." ఎర్రన్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ నాయన్ను ఆదివారం రమ్మను. మాట్లాడుకునేది ఈ పక్క రాసుకుందాం. నిలువుగానే."