మూడో శనివారం తళిగ

"ఏంగ, ముందు ఆ చెయ్యి తీయండి!"

ధరణి మేడం నాతో అన్న మొదటి మాట అది. అప్పుడు నేను చేస్తున్న నేరం ఏమిటంటే, మా నాయనకు ఇడ్లీ తినిపించడం.

మాది కడంబత్తూరు. నా పేరు ద్వారకనాథ్. పట్టాభిరామ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పని చేస్తాను. చిత్తిర నెలలో, అంటే ఏప్రిల్‌లో, మా నాయన తిరుమలయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తిరువళ్ళూరు దగ్గరి కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ డిపార్ట్‌మెంటు ఉందని, అక్కడ చేతికి పని నేర్పిస్తారని ఎవరో చెబితే జూన్‌లో తీసుకెళ్ళాను.

"ఆయనకి ఆకలేస్తా ఉండాది మేడం," అన్నాను.

"వెయ్యనీండి. ఆయన చెయ్యి యాడికి పోయింది?"

"యాడికీ పోలా. పని చెయ్యడం లేదు. దానికే గదా మీ దగ్గరికి వచ్చినాము."

"చెయ్యనిస్తే గదా చేసేది! నీళ్ళు మీరే పోస్తా ఉండారు, చొక్కా మీరే తొడుగుతా ఉండారు, అన్నం మీరే పెడతా ఉండారు. మీ ప్రేమంతా కలిసి ఆ చేతిని నిద్రపుచ్చేసినాది."

ఆమె వెనక పదిమంది స్టూడెంట్లు గబగబా నోట్స్ రాసుకుంటున్నారు. నా ముప్పై ఏళ్ళ జీవితంలో నా తప్పును ఎవరూ నోట్స్‌గా రాసుకోలేదు. ఒళ్ళు మండిపోయింది.

నాయనను ఇంట్లో దింపి పనికి వెళుతూ, రైల్లో ఆ కాలేజీ వెబ్‌సైట్ తీశాను. ఈమె ఎంత చదివిందో చూద్దామని. ధరణి, అసిస్టెంట్ ప్రొఫెసర్. టీచింగ్ ఇంటరెస్ట్స్: హ్యాండ్ రీహాబిలిటేషన్. రీసెర్చ్ ఇంటరెస్ట్స్: హ్యాండ్ ఫంక్షన్. ఫొటోలో కూడా కోపంగానే ఉంది. ఆ కోపాన్నే చూస్తూ కూర్చున్నానేమో, పట్టాభిరామ్‌లో దిగాల్సినవాణ్ణి ఆవడిలో దిగాను.

ఆమె మా ఇంటికి పెట్టిన రూలు ఒక్కటే. నాయన చెయ్యి కదులుతున్నప్పుడు మా చేతులు కదలకూడదు.

చెప్పినంత తేలిక కాదది. ఒక్క బొత్తానికి పావుగంట పట్టేది ఆయనకు. ఒకప్పుడు మూటను ఒంటిచేత్తో బండిలోకి విసిరిన మనిషి. మా అమ్మ మునిలక్ష్మి చూడలేక వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేది. నేను మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి, క్లాసు బయట నిలబెట్టిన పిల్లవాడిలాగా.

జూలైలో మేడం ఒక చెంచా బొమ్మ గీసిచ్చింది. పిడి లావుగా ఉండాలట, బలం లేని వేళ్ళకు పట్టు దొరుకుతుందట. నేను నైలాన్ కడ్డీ తెచ్చి లేత్ మీద పిడి చేసి, దానికి చెంచా బిగించి పట్టుకెళ్ళాను.

"మూడు మిల్లీమీటర్లు తగ్గించండి."

తగ్గించాను.

"ఇప్పుడు జారతా ఉండాది. గాట్లు పెట్టండి."

"మేడం, మా వర్క్‌షాపు కస్టమర్లు కూడా ఇంత సతాయించరు."

"వాళ్ళు మీ నాయన చేత అన్నం తినిపించాలనుకోలా గదా," అంది. మొదటిసారి నవ్వింది. నాలుగో చెంచా, ఐదో చెంచా అవసరం లేకపోయినా చేసుకుపోయాను. ఆమెకు ఆ సంగతి తెలుసు. అన్నీ తీసుకుని బీరువాలో పెట్టుకుంది.

ఆమెది తిరుత్తణి. సాయంత్రం మా ఇద్దరిదీ ఒకటే రైలు, నేను ముందు దిగిపోతాను. ఆగస్టులో ఒకరోజు ఆమెకు చెంచా ఇచ్చి వస్తుంటే, తిరువళ్ళూరు స్టేషన్‌లో ఇద్దరం ఉండగా జోరువాన పట్టుకుంది. రైలు లేటు. రేకుల మీద వాన మోతకు పక్కన ఎవరేం మాట్లాడినా వినపడదు. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాను.

"మేడం, మీరంటే నాకు ఇష్టం. పెండ్లి చేసుకోవాలని ఉండాది."

ఆమెకు వినపడింది. పట్టాలకేసి తిరిగి కొంగు చివర పిండుకుంది.

"మీ నాయన నా పేషెంటు," అంది. "ఆయన ఫైలు మూసేదాకా ఆ మాట నా చెవిలో పడనట్టే."

"ఎప్పుడు మూస్తారు?"

"ఆయన చెయ్యి ఆయనకి కావాల్సిన పని చేసిన పొద్దు."

కావాల్సిన పని అంటే చెంచాతో అన్నం తినడమేనని ఇద్దరం అనుకున్నాం.

సెప్టెంబరు మొదట్లో ఆ రోజు రానే వచ్చింది. నాయన కుడిచేత్తో చెంచా పట్టుకుని పెరుగన్నం నోటిదాకా తీసుకెళ్ళాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. స్టూడెంట్లు చప్పట్లు కొట్టారు. నేను మేడం వైపు చూశాను, మేడం నా వైపు చూడకుండా జాగ్రత్తపడింది.

నాయన చెంచాను కంచంలో పడేశాడు.

"ఇది... నాకెందుకు?" అన్నాడు. జబ్బు చేసినప్పటి నుంచి ఆయన మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. "పెరటాసి... వస్తా ఉండాది. తళిగ... ధనకోటిని... ఎయ్యమను."

పెరటాసి నెల మూడో శనివారం మా ఇంట్లో వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తాం. అన్నం, సాంబారు, వడ, పొంగలి, అన్నీ పెద్ద అరిటాకులో స్వామి ముందు పెట్టి, గోవిందా గోవిందా అని గోవింద కొడతాం. తర్వాత ఇంటి పెద్ద వాటినన్నిటినీ కుడిచేత్తో కలిపి, ఇంట్లోవాళ్ళ అరచేతుల్లో తలా ఒక ముద్ద పెడతాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆ చెయ్యి మా నాయనది. ఎడమచెయ్యి దానికి పనికిరాదు. చెంచా అసలే పనికిరాదు. ఆ పనిని ఇప్పుడు తన తమ్ముడికి, మా చిన్నాయన ధనకోటికి అప్పగించేస్తున్నాడు.

ధరణి మేడం నాయన ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె ముఖం పాలిపోయింది.

"మా తాత కూడా పెట్టేవోడు, అయ్యా," అంది. "ఆయన పోయినాక మా ఇంట్లో తళిగే వెయ్యలా. నేను మరిచేపోయినా."

తర్వాత స్టూడెంట్ల వైపు తిరిగింది.

"రాసుకోండి. పేషెంటుకి ఏం కావాల్నో ముందు అడగాలని మొదటి క్లాసులో మీకు చెప్పినా. పుస్తకంలో పరీక్ష చెంచాతో ఉండాదని నేను చెంచా నేర్పినా. ఈయన్ని అడగలా. ఇది నా తప్పు."

పిల్లలు పెన్నులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. "రాసుకోండి," అంది మళ్ళీ. వాళ్ళు రాసుకున్నారు. ఆ క్షణంలో ఆమె మీద నాకున్నది ఉత్త ఇష్టం కాదని తెలిసింది.

మర్నాటి నుంచి చెంచాలన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. కంచంలో సాంబారన్నం, దానిలో నాయన చెయ్యి. రెండు వారాలకు వేళ్ళు మడిచి ముద్ద పట్టాడు. కానీ పిడికిలి తెరుచుకోలేదు. అన్నం వేళ్ళ సందుల్లోంచి కారిపోయేది తప్ప ముద్దగా బయటికి పడేది కాదు.

"ఈ జబ్బులో పట్టుకునేది ముందు వస్తాది," అంది మేడం. "వదిలేదే కష్టం."

"జబ్బు లేనోళ్ళకీ అంతే మేడం."

"ఫైలు ఇంకా మూయలా," అని కసిరింది. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

మూడో శనివారం. చిన్నాయన ధనకోటి తలస్నానం చేసి, నామం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, అన్నకు చేతకాకపోతే తాను కూర్చోడానికి. అమ్మ పిలిస్తే మేడం కూడా వచ్చింది. ఆమెకు వసారాలో ఆకు వేశారు. చేతిముద్ద ఇంటివాళ్ళకే, వచ్చినవాళ్ళకు ఆకులో వడ్డించడం మా ఆచారం.

గోవింద కొట్టాం. నాయన పీట మీద కూర్చుని ఆకులో చెయ్యి పెట్టాడు. కలిపాడు. మొదటి ముద్ద చిన్నాయనకు. పిడికిలి లేచింది, వణికింది, తెరుచుకునేలోగా పక్కకు పోయి ముద్దంతా నేల మీద పడింది.

ఎవరూ కదల్లేదు. నా చేతులు వెనక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

నాయన మళ్ళీ కలిపాడు. ఈసారి చిన్నాయన చేతిలో పడింది. అంత వయసువాడూ ఏడ్చేశాడు. తర్వాత అమ్మకు, తర్వాత నాకు. నా అరచేతిలో పడింది పిడికెడు కూడా కాదు, దాన్ని తినలేక కాసేపు అలాగే పట్టుకున్నాను.

"పాపని... పిలు," అన్నాడు నాయన.

"ఆయమ్మకి ఆకు వేసినా గదా," అంది అమ్మ.

"ఆకు... వద్దు. చెయ్యి... పట్టమను."

అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఎప్పటి నుంచి తెలుసో ఆయనకు!

ధరణి వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి చాపింది. నాయన చెయ్యి అప్పటికే అలిసిపోయింది. పిడికిలి ఆమె చేతిపైకి వచ్చి ఆగింది. తెరుచుకోలేదు. ఆయన నుదుట చెమట పట్టింది. ధరణి రెండో చెయ్యి దానంతట అదే లేచి ఆయన మణికట్టు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుని వీపు వెనక పెట్టుకుంది, నాలాగే.

చిటికెనవేలు ముందు విడింది. దాని పక్కది. తర్వాత అన్నీ.

సగం నేల మీద పడింది. సగం ఆమె చేతిలో పడింది. ఆమె కళ్ళు మూసుకుని తినేసింది.

చెయ్యి కడుక్కోడానికి దొడ్లోకి వెళితే వెనకే వెళ్ళాను.

"మూసేసినా," అంది, నేను అడక్కుండానే. చెంపలు తడిగా ఉన్నాయి. "ఫైలు. ఇప్పుడే. రేపు తిరుత్తణికి వచ్చి మా నాయనతో మాట్లాడండి, ద్వారకా. అయ్యని కూడా పిలుచుకోని రండి."

"వస్తాము మేడం."

"మేడం ఏంది ఇంకా? ఒక మాట. చొక్కా మాత్రం ఆయన్నే వేసుకోనీండి, ఎంతసేపైనా సరే."

ఆదివారం పొద్దున నాయన కొత్త చొక్కా వేసుకున్నాడు. అమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. చేతులు ఊరికే ఉంచలేక నేను ఫోన్ తీసి, ఆ కాలేజీ పేజీ మళ్ళీ చూశాను. రీసెర్చ్ ఇంటరెస్ట్స్ దగ్గర హ్యాండ్ ఫంక్షన్ పక్కన కొత్తగా ఇంకొకటి చేరింది: చేత్తో తినడం, చేత్తో పెట్టడం.

ఆఖరి బొత్తాం పెట్టుకుని నాయన తలెత్తాడు.

"పద... రా," అన్నాడు.

అప్పటికి రెండు రైళ్ళు పోయాయి. మూడో రైలుకు బయలుదేరాం.